రై లాగర్‌లో ఆ ఘాటు ఎవరిది?

మహారాష్ట్రలోని మా బల్లార్షాలో బీరు అడిగితే షాపువాడు వేసే మొదటి ప్రశ్న "స్ట్రాంగా, మైల్డా?" అని. బ్రాండు సంగతి ఆ తర్వాత. మైల్డ్ అన్నవాణ్ని పక్కనున్నవాళ్లు ఒకసారి తేరిపార చూస్తారు, ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు. ఇలాంటి చోట కూర్చుని క్రాఫ్ట్ రై లాగర్ రుచి గురించి రాయడం కొంచెం విడ్డూరమే. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మేనల్లుడు తెచ్చిన రై లాగర్ డబ్బా మీదున్న "స్పైసీ" అన్న మాట నన్ను వదల్లేదు. రై వేసిన బీరు ఎక్కడ దొరికినా డబ్బా మీదో మెనూ కార్డులోనో ఈ మాట కనిపిస్తుంది. రై వల్ల మిరియాల ఘాటు వస్తుందట. తాగినవాళ్లు కూడా "అవునవును, ఘాటుగానే ఉంది" అంటారు. ఆ ఘాటు నిజంగా ధాన్యానిదేనా, లేక ఇంకెవరిదో తెచ్చి ధాన్యం ఖాతాలో రాశారా?

తేల్చాలంటే ముందు పేరులోని మూడు ముక్కల్ని విడదీసుకోవాలి. రై అనేది ధాన్యం. లాగర్ అనేది పులియబెట్టే తీరు. క్రాఫ్ట్ అనేది తయారుచేసినవాడి సంగతి. ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. మనం మాత్రం మూడూ కలిపి ఒక రుచి పేరు అనుకుంటాం. చిక్కంతా అక్కడే.

ముందు లాగర్. పసుపు రంగులో, పలుచగా, ఐస్ చల్లగా ఉండే బీరే లాగర్ అని చాలామంది అనుకుంటారు. రంగుకీ దీనికీ సంబంధం లేదు. నల్లటి లాగర్లు ఉన్నాయి, ఎర్రటివీ ఉన్నాయి. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ప్ల్‌జెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా (దక్షిణ జర్మనీ) బ్రూవర్, అంటే బీరు చేసేవాడు, లేత రంగు మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యంతో) లాగర్ చేశాక ఆ బంగారు రంగు ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు బవేరియాలో తాగిన లాగర్లు ఎక్కువగా ముదురు రంగువే. లాగర్‌ని లాగర్‌గా చేసేది దాని ఈస్టూ, ఆ ఈస్టు పనిచేసే చల్లదనమూ. బీరులో రెండో పెద్ద రకమైన ఏల్ బీర్లు ఇంచుమించు 15 నుంచి 24 డిగ్రీల దగ్గర పులుస్తాయి. లాగర్ 8 నుంచి 13 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసి, ఆ తర్వాత సున్నాకి కాస్త పైన వారాల తరబడి ఊరికే కూర్చుంటుంది.

ఈ లాగర్ ఈస్టు పుట్టుకే ఒక డిటెక్టివ్ కథ. అది రెండు ఈస్టు జాతులు కలిసి పుట్టిన సంకరం. రొట్టెలకీ ఏల్ బీర్లకీ వాడే మామూలు ఈస్టు వాటిలో ఒకటని చాలాకాలంగా తెలుసు. రెండోది ఎవరో తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల మీద, చలిని తట్టుకునే ఒక అడవి ఈస్టు దొరికింది. దానికి సాకరోమైసిస్ యూబయానస్ అని పేరు పెట్టారు. లాగర్ ఈస్టులో సగం జన్యువులు దీనివే. ఆ తర్వాత టిబెట్‌లోనూ, ఐర్లండ్‌లోనూ కూడా అది కనిపించింది. లాగర్ ఈస్టును విడిగా, శుద్ధంగా పెంచడం మాత్రం 1883లోనే కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ సాధించాడు. అప్పటికే కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాలు బ్రూవరీల్లోకి వచ్చేశాయి కాబట్టి చలికాలం కోసం, మంచు గుహల కోసం చూడాల్సిన పని తప్పింది. ఇవన్నీ కలిసి లాగర్‌ని ప్రపంచపు బీరుగా చేశాయి. మన దగ్గర అమ్ముడయ్యే సీసాల్లోనూ దాదాపు అన్నీ లాగర్లే, స్ట్రాంగ్ అని రాసినవి సహా. జీవితమంతా లాగరే తాగి "ఈ లాగర్ అంటే ఏంటి?" అని అడిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

మనకు ఇక్కడ అవసరమైన సంగతి ఒక్కటే. లాగర్ ఈస్టు మాట్లాడదు. ఏల్ ఈస్టు వెచ్చగా పులిసేటప్పుడు పళ్ల వాసనలు పుట్టిస్తుంది. జర్మన్ గోధుమ బీరు ఈస్టయితే అరటిపండు, లవంగం వాసనలు తెస్తుంది. లాగర్ ఈస్టు ఆ చల్లదనంలో ఇలాంటివేవీ పెద్దగా చేయదు. కాబట్టి గ్లాసులో మిగిలేది ధాన్యం, హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు), నీళ్లు. ఏదైనా తేడా వస్తే దాచుకునే చోటు ఉండదు. ధాన్యం రుచి ఎలా ఉంటుందో చూడాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి వేదిక దొరకదు.

ఇక రై. ఇది చలిదేశాల పంట. ఇసక నేలలో, గోధుమ పండని చోట, మంచు కింద కూడా బతుకుతుంది. పోలండ్, జర్మనీ, రష్యా, బెలారస్, డెన్మార్క్ దీనికి పెట్టింది పేరు. అసలు దీన్ని ఎవరూ కావాలని సాగులోకి తేలేదట. గోధుమ, బార్లీ చేలల్లో కలుపుగా మొలిచి, ఏటా కోతల్లో, విత్తనాల్లో కలిసిపోతూ, గింజ రూపంలో గోధుమను పోలుతూ పోయి, చివరికి గోధుమ చచ్చిపోయే చలిలో తానే పంటై నిలబడిందని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ చెప్పాడు. రైతు ఏరి పారేయలేని కలుపు చివరికి రైతుకు అన్నం పెట్టింది. మన వైపు రై పండదు, అంగట్లో దొరకదు. ఇక్కడి బ్రూవర్లకు రై మాల్ట్ దిగుమతి సరుకే.

రైతో తాగే సరుకు చేయడం కొత్తేమీ కాదు. రష్యాలో రై రొట్టె ముక్కల్ని పులియబెట్టి క్వాస్ చేస్తారు. ఫిన్లండ్‌లో సాహ్తీ అనే పాతకాలపు పల్లె బీరులో రై పడుతుంది, వడపోతకు జునిపర్ కొమ్మలు వేస్తారు. బవేరియాలోనూ ఒకప్పుడు రై బీరు ఉండేది. 1516 ఏప్రిల్ 23న బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్‌లో చేసిన చట్టం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదంది. గోధుమ, రై రొట్టెలకు మిగలాలన్నది దాని వెనక ఉన్న ఒక లెక్క అని చెబుతారు. దాంతో రై బీరు మూలపడిపోయి, 1980ల చివర్లో గానీ బవేరియాలో మళ్లీ తల ఎత్తలేదు. అదీ ఏల్‌గానే. జర్మన్ బీరు చట్టం ఇప్పటికీ పైన పులిసే బీరుకు, అంటే ఏల్‌కు, గోధుమ, రై మాల్ట్‌లు వాడనిస్తుంది, అడుగున పులిసే బీరుకు, అంటే లాగర్‌కు, బార్లీ మాల్టే వాడాలంటుంది. ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే తప్ప లాగర్ పుట్టింట్లో రై లాగర్‌కు చోటు లేదు. అందుకే రై లాగర్‌ని తరాలనాటి సంప్రదాయం అని అమ్మేవాణ్ని నమ్మకండి. ఇది ఎక్కువగా అమెరికా వైపు క్రాఫ్ట్ బ్రూవర్లు సరదాకి మొదలుపెట్టిన కలయిక.

మా దగ్గరికి వచ్చింది కూడా అక్కడి నుంచే. మేనల్లుడు ఇంటికి వస్తూ రెండు డబ్బాలు బట్టల్లో చుట్టి తెచ్చాడు. విదేశం నుంచి వచ్చేవాళ్లు మద్యం, వైన్, బీరు ఏదైనా 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. లోకంలో అందరూ ఆ 2 లీటర్లూ విస్కీకి వాడుకుంటారు. వీడు బీరు తెచ్చాడు. ఆ సంగతి తెలిసి వాళ్ల నాన్న, అంటే మా బావ, కాసేపు మాట్లాడలేదు.

అక్కావాళ్లది సిరోంచ. అక్కడ ఈ డబ్బాలు తెరిచే వీలు లేదు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. మా చంద్రపూర్ జిల్లాలోనూ 2015 ఏప్రిల్ నుంచి ఆరేళ్లు ఉంది, 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లూ తాగాలనుకున్నవాడు వార్ధా నది దాటి వణీ వైపో, తెలంగాణ వైపో పోవాల్సివచ్చేది, లేదంటే దొంగసరుకుకి రెండింతలు పెట్టాలి. అలాంటి రోజుల్లో సీసాలో ఏ ధాన్యం ఉందని అడిగే ఓపిక ఎవరికుంటుంది? ఎంత ఎక్కుతుందన్నదే లెక్క. మా వైపు స్ట్రాంగ్ మీద మోజుకి ఇదొక కారణమని నా అనుమానం. అయితే నిషేధం లేని జిల్లాల్లోనూ స్ట్రాంగే నడుస్తుంది కాబట్టి నెపమంతా దాని మీదికి తోసేయలేను. ఇంకో మాట, మహారాష్ట్రలో తాగేవాడికి పర్మిట్ ఉండాలని 1949 నాటి చట్టం ఇంకా చెబుతూనే ఉంది. బీరుకు 21 ఏళ్లు, విస్కీ లాంటి వాటికి 25 ఏళ్లు నిండాలి. బారు బోర్డుల మీద "పర్మిట్ రూమ్" అని ఉండేది అందుకే.

రుచి దగ్గరికి వచ్చేముందు రైతో బ్రూవర్ పడే తిప్పలు చెప్పాలి, ఎందుకంటే రుచిలో సగం ఆ తిప్పల్లోనే ఉంది. బార్లీ గింజకు పొట్టు అంటుకునే ఉంటుంది. మొలకెత్తించి ఆరబెట్టి, పగలగొట్టి, వేడినీళ్లలో నానబెట్టాక ఆ పొట్టు అడుగున పేరుకుని వడపోత గుడ్డలా పనిచేస్తుంది. తియ్యటి రసం దాని గుండా కిందికి దిగుతుంది. రైకి ఆ పొట్టు ఉండదు, నూర్చినప్పుడే ఊడిపోతుంది. అది ఒక కష్టం. రెండోది ఇంకా పెద్దది. రై గింజలో అరబినోజైలాన్ అనే పీచుపదార్థం చాలా ఎక్కువ, బీటా గ్లూకాన్ కూడా కొంత ఉంటుంది. ఇవి తమ బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. రై పాలు ఎక్కువైన కొద్దీ ఆ రసం చల్లారిన గంజిలా చిక్కబడి, వడపోతలో కదలకుండా కూర్చుంటుంది. బ్రూవర్లకు రై అంటే టెన్షన్ అందుకే. చాలామంది 10 నుంచి 20 శాతంతో సరిపెట్టుకుంటారు. జర్మన్ తరహా రై బీరులో సగం, ఇంకా ఎక్కువ కూడా వేస్తారు, కానీ దానికి గుండె ధైర్యం కావాలి.

దీనికి విరుగుడు ఏమిటో తెలిసినప్పుడు నాకు సంబరమైంది. వరి ఊక. కడిగి శుభ్రం చేసిన ఊకను మాల్ట్‌లో కలుపుతారు. రుచి ఇవ్వదు, రంగు ఇవ్వదు, పొట్టు లేని గింజల మధ్య దారి మాత్రం ఇస్తుంది. మన మూల్ వైపు రైసు మిల్లుల్లో కుప్పలుగా పడి ఉండేదే, అమెరికాలో బీరు సామాను అమ్మే దుకాణాల్లో సంచుల్లో కట్టి అమ్ముతారు. దాంతోపాటు నానబెట్టేటప్పుడు 40, 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపితే ఆ జిగురులో కొంత భాగాన్ని మాల్ట్‌లోని ఎంజైములే కోసేస్తాయి. అయినా అంతా పోదు. మిగిలిన జిగురు పులిసేటప్పుడు ఈస్టుకు తిండి కాదు, కాబట్టి నేరుగా గ్లాసులోకి వస్తుంది. రై బీరు నాలుక మీద కాస్త బరువుగా, జారుతున్నట్టుగా అనిపించేది దానివల్లే. రై తెచ్చిందని ఏ అనుమానమూ లేకుండా చెప్పగలిగిన మొదటి లక్షణం ఇదే, ఇది రుచి కూడా కాదు, స్పర్శ.

మరి ఘాటో? అనుమానితులు ముగ్గురున్నారు.

మొదటిది ఈస్టు. రైలోనూ గోధుమలోనూ ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. గోధుమ బీరు ఈస్టు దాన్ని విరిచి 4-వినైల్ గ్వాయకాల్ అనే పదార్థంగా మారుస్తుంది, అది అచ్చం లవంగం వాసన వేస్తుంది. జర్మన్ రై బీరును పులియబెట్టేది ఈ రకం ఈస్టే. రై బీరు ఘాటుగా ఉంటుందన్న పేరులో పెద్ద వాటా ఇక్కడిదే అయి ఉంటుంది. కానీ లాగర్ ఈస్టుకు ఆ విరిచే శక్తి లేదు. కాబట్టి రై లాగర్‌లో లవంగం వాసన వస్తే అది రై గొప్ప కాదు, ఏదో అడవి ఈస్టు ట్యాంకులో చొరబడిందని అర్థం.

రెండోది హాప్స్. లాగర్లలో ఇష్టంగా వాడే చెక్ సాజ్, జర్మన్ టెట్నాంగ్ లాంటి హాప్స్ వాసనను వర్ణించేటప్పుడు అందరూ వాడే మాటలే మూలికలు, మిరియాలు. రై లాగర్ చేసేవాళ్లు తరచుగా ఇవే ఎంచుకుంటారు, రైకి నప్పుతాయని. అంటే ఘాటుగా ఉండే హాప్స్ వేసి, ఘాటు రైదని రాస్తున్నారన్నమాట. మోసమని అనను, వాళ్లూ నిజమనే నమ్ముతున్నారు.

మూడోది మన తలకాయ. అమెరికాలో, జర్మనీలో రై రొట్టె అంటే అందులో కారవే గింజలు వేస్తారు, మన షాజీరాకు దగ్గరి రుచి. చిన్నప్పటి నుంచీ ఆ రొట్టె తిన్నవాడికి రై అనగానే కారవే గుర్తొస్తుంది. రై విస్కీ ఘాటు ఇంకో కథ, అందులో బట్టీలో కాచి దించడమూ, ఓక్ పీపా కలిసి ఉన్నాయి. ఈ జ్ఞాపకాలన్నీ బీరు మీదికి ఎక్కేస్తాయి. మనకు ఇక్కడ ఒక చిన్న సౌకర్యం ఉంది. మనం రై రొట్టె తిని పెరగలేదు, ఆ జ్ఞాపకం మనకు లేదు. డబ్బా మీది రాత చదవకుండా తాగితే, రై ఎలా ఉంటుందో చెప్పడానికి బల్లార్షా నాలుక చికాగో నాలుక కన్నా నిష్పక్షపాతంగా ఉంటుంది.

ఆ రోజు మేం చేసింది అదే, అనుకోకుండా. బావ డబ్బాల్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టబోయాడు. "వద్దు నాన్నా, కింద పెట్టండి, తాగే ముందు ఓ పది నిమిషాలు బయట ఉంచుదాం" అని వాడు. మే నెల, బయట 45 డిగ్రీలు. "బయట పెడితే చాయ్ అయిపోతుందిరా" అని ఈయన. చివరికి ఫ్రిజ్ కింది అర దగ్గర రాజీ కుదిరింది. స్టీలు గ్లాసుల్లో పోస్తే రంగు కనబడదని గాజు గ్లాసులు తీశాం.

రంగు తేలికైన రాగి రంగు, కొంచెం మసక. నురుగు దట్టంగా లేచి, తాగుతున్నంతసేపూ గ్లాసు అంచుకి పట్టుకుని ఉంది. రైలోని ప్రొటీన్లకీ ఆ జిగురుకీ నురుగును నిలబెట్టే గుణం ఉంది, అది కళ్లతోనే చూడొచ్చు. వాసనలో ముందు వచ్చింది పచ్చగడ్డి, కాస్త నిమ్మతొక్క, అంటే హాప్స్. దాని కింద మాడుపట్టిన రొట్టె అంచు వాసన. ఘాటు ఏదని ముక్కు పెట్టి వెతికాను. మొదటి గుక్కలో లేదు. మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదిలినప్పుడు గొంతు వెనక ఒక పొడి, మట్టి లాంటి రుచి తేలింది. దాన్ని మిరియం అనడానికి నాకు మనసొప్పలేదు. బావ ఒక గుక్క తాగి "నీళ్లలా లేదు, అట్లని కిక్కూ లేదు. ఇదేం బీరురా?" అన్నాడు. నా లెక్కలో రై లాగర్ మీద అంతకన్నా సరైన వర్ణన లేదు.

ఎందుకంటే ఆయన అలవాటు పడ్డ స్ట్రాంగ్ బీరు దీనికి పూర్తిగా తలకిందులు. మన బీరుల్లో బార్లీతో పాటు బియ్యం, మొక్కజొన్న, చక్కెర పడతాయి. ఈస్టు వాటిని పూర్తిగా తినేసి ఆల్కహాలుగా మారుస్తుంది, నోటికి బరువిచ్చేది ఏమీ మిగల్చదు. ఆల్కహాలు 6 నుంచి 8 శాతం దాకా ఎక్కుతుంది, ఒళ్లు మాత్రం పలచన. చల్లదనం తగ్గితే ఆ సారా వేడి గొంతులో తెలుస్తుంది, అందుకే గడ్డకట్టేంత చల్లగా తాగాలనిపిస్తుంది. రై లాగర్‌లో ఆల్కహాలు సాధారణంగా 5 శాతం చుట్టూ ఉంటుంది, బరువు మాత్రం దానికి మించి ఉంటుంది. నాలుక "గట్టి సరుకు" అంటుంది, తల "ఏమీ లేదే" అంటుంది. స్ట్రాంగ్ తాగేవాడికి ఇది మోసంగా తోచడంలో వింత లేదు.

చల్లదనం గురించి మేనల్లుడు చెప్పింది నిజమే. 3, 4 డిగ్రీల దగ్గర నాలుకకు చేదు, గ్యాసు తప్ప ఇంకేమీ తెలియవు. 7, 8 డిగ్రీలకు వచ్చాక ధాన్యం బయటికి వస్తుంది. గ్లాసు సగం అయ్యేసరికి, మా వైపు ఎండలో అదేమంత కష్టం కాదు, ఆ రొట్టె రుచి ఇంకా పెరిగింది. ఆఖర్న తీపి మిగల్లేదు. బరువుగా మొదలై పొడిగా ముగియడం రై లాగర్‌కి ఉన్న సొంత తీరు, నాకు నచ్చింది కూడా అదే.

ఘాటు సంగతి మీకు మీరే తేల్చుకోవాలంటే ఒకే దారి. ఒకే బ్రూవరీ చేసిన మామూలు లాగర్, రై లాగర్ పక్కపక్కన పెట్టుకుని, ఏది ఏదో తెలియకుండా వేరేవాళ్ల చేత పోయించుకోండి. రెండింట్లోనూ మిరియాలు వస్తే అది హాప్స్. రెండింట్లోనూ రాకుండా ఒకటి మాత్రం నాలుక మీద బరువుగా జారితే ఆ బరువు రైది. ఒక్కదాంట్లోనే ఘాటు వస్తే నా వాదన తప్పు, అప్పుడు బ్రూవర్‌ని హాప్స్ రెండింటికీ ఒకటేనా అని మాత్రం అడగండి.

ఇంకో అడ్డంకి ఉంది, అది మా జిల్లాకు మరీ సొంతం. ఎండ. బీరు పాడయ్యే వేగం గురించి అమెరికా బ్రూవర్లలో ఒక మోటు లెక్క ఉంది. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచితే జరిగే చేటు, 22 డిగ్రీల దగ్గర 30 రోజులకు, 3 డిగ్రీల దగ్గర 300 రోజులకు జరుగుతుందని. అణాపైసలతో సహా నిజం కాకపోయినా దిశ సరైనదే. చంద్రపూర్ వేసవి 46, 47 డిగ్రీలు దాటుతుంది. గోడౌన్‌లో, టెంపోలో, షాపు ముందు పెట్టిన కేసుల్లో బీరు ఏమవుతుందో ఊహించుకోండి. ముందు హాప్స్ వాసన చస్తుంది, తర్వాత తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, దానికి కారణం ట్రాన్స్-2-నొనెనాల్ అనే పదార్థం. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లో వెలుగు తగిలితే ఇంకో రకం కంపు పుడుతుంది. ఇక తయారీలోనే వచ్చే తేడాలు వేరు: బీరులో వెన్న వాసన వస్తే డయాసిటైల్ అనే పదార్థం, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్), పచ్చి ఆపిల్ వాసన వస్తే పులవడం పూర్తికాకముందే దించేశారని అనుమానించాలి. లాగర్‌లో ఇవన్నీ ఇట్టే బయటపడతాయి. మావాడి డబ్బాలు సూట్‌కేసులో ఎంత వేడి చూశాయో తెలియదు కానీ అట్టముక్క మాత్రం నాకు తగల్లేదు.

క్రాఫ్ట్ అన్న మాటకు రుచి లేదు, కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఆగను. అమెరికాలో క్రాఫ్ట్ బ్రూవర్ల సంఘం లెక్క ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెల్స్ దాకా చేసేవాడు చిన్నవాడే. లీటర్లలో 70 కోట్లు. పెద్ద కంపెనీల వాటా పాతిక శాతం లోపు ఉండాలన్నది ఇంకో షరతు. అంటే అది యాజమాన్యానికి గుర్తు, నాణ్యతకు కాదు. మన మహారాష్ట్రలో 2009లో పుణెలో డూలాలీ అనే చోటుతో మైక్రోబ్రూవరీలు, అంటే అక్కడే చేసి అక్కడే పోసే చిన్న బ్రూవరీలు, మొదలయ్యాయి. అలాంటి చోట ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది, పాశ్చరైజ్ చేయరు కాబట్టి దూరం పంపితే నిలవదు. మా బీర్ షాపీలకు అది రాకపోవడానికి రుచీ అభిరుచీ కన్నా ఇదే పెద్ద కారణం.

మా మాటలు వింటూ వంటింట్లోంచి అక్క ఒక ప్రశ్న వేసింది. "ఊరికే దిగుమతి రై ఎందుకు, జొన్నతో రాదా?" నవ్వేశారు గానీ, అది నవ్వే ప్రశ్న కాదు. ఆఫ్రికాలో జొన్న బీరు వేల ఏళ్లుగా ఉంది, చిక్కగా, పుల్లగా. సీసాలో పోసే లాగర్‌గా కూడా 2002లో ఉగాండాలో ఈగిల్ లాగర్ పేరుతో జొన్న బీరు వచ్చింది. అక్కడి రైతుల దగ్గర కొన్న జొన్నతో చేసినందుకు ప్రభుత్వం పన్ను తగ్గించింది, దాంతో చవగ్గా అమ్మగలిగారు. చిక్కు ఏమిటంటే జొన్న పిండి విచ్చుకోవడానికి దాదాపు 70 డిగ్రీలు, అంతకు పైన కూడా వేడి కావాలి. పిండిని చక్కెరగా మార్చే ముఖ్యమైన ఎంజైము ఆ వేడికి నిలవదు, పైగా జొన్న మాల్ట్‌లో అది తక్కువ కూడా. కాబట్టి జొన్నను విడిగా ఉడికించి, బార్లీ మాల్ట్‌ని గానీ బయటి ఎంజైములను గానీ తర్వాత కలపాలి. రైకి ఆ బాధ లేదు, దాని పిండి బార్లీతో పాటే విచ్చుకుంటుంది. నూర్చిన జొన్నకూ పొట్టు ఉండదు, కాబట్టి వరి ఊక ఎలాగూ తప్పదు. ఊక మూల్ నుంచి వస్తుంది. జొన్న మాత్రం రాజురా వైపు అడిగితే ఇప్పుడు పత్తీ సోయాబీనూ చూపిస్తారు, నాందేడ్ వైపు దెగ్లూరు దాకా పోవాల్సి ఉంటుంది.

రైలో, బార్లీలో ఉండే గ్లూటెన్ జాతి ప్రొటీన్ జొన్నలో లేదు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు రై లాగర్ జోలికే పోకూడదు, జొన్న ఒక్కదాంతోనే చేసిన బీరయితే వాళ్లకూ పరవాలేదు. రుచికి వస్తే, రై ఇచ్చే ఆ జారుడు బరువు జొన్నలో రాదు. పలుచగా, పొడిగా, తెల్లటి నురుగు త్వరగా దిగిపోయే బీరవుతుంది. బావకి బహుశా అదే నచ్చుతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెట్టనిస్తే.